మంచునేల, ఇనుపకొండ

ఉత్తర ధ్రువానికి చేరువలో, కెనడా దేశపు ఈశాన్య కొసన బాఫిన్ అనే దీవి ఉంది. ప్రపంచంలోని దీవులలో వైశాల్యాన్ని బట్టి అది ఐదవది. దాని ఉత్తర తీరాన ఉన్న చిన్న ఊరు పాండ్ ఇన్‌లెట్. 2021 జనాభా లెక్కల ప్రకారం అక్కడ నివసించేవారు 1,550 మందికి కొంచెం ఎక్కువ. నవంబరు మధ్యలో అస్తమించిన సూర్యుడు ఆ ఊరివారికి మళ్లీ కనిపించేది జనవరి చివరనే. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం వరకు అదే సూర్యుడు అస్తమించడం మరచిపోతాడు. ఆ ఊరి నుంచి మరొక ఊరికి రోడ్డు లేదు. వేసవి చివర మంచు కరిగిన కొద్ది వారాలలో సరకుల ఓడ వస్తుంది. తక్కిన కాలమంతా విమానమే దిక్కు.

అయితే అక్కడ దారులు లేవనుకోవడం పొరపాటు. అక్కడ సముద్రమే దారి. ఏడాదిలో సుమారు తొమ్మిది నెలలు గడ్డకట్టి ఉండే సముద్రం మీదుగానే బంధువుల ఊళ్లకు వెళతారు, వేటకు వెళతారు. ఆ మంచును నమ్మి అడుగు వేయాలంటే దానిని చదవడం తెలియాలి. కొత్తగా పేరుకొన్న మంచు రంగు వేరు, పాతబడిన మంచు రంగు వేరు. ఈటెతో పొడిచి చూసి, అది ఎంత గట్టిగా తగిలిందో, ఎలాంటి చప్పుడు చేసిందో గమనించి, మనిషి బరువును మోయగలదో లేదో వేటగాడు నిర్ణయించుకొంటాడు. గాలి దిక్కు, నీటి పోటు, మంచులోని పగులు, వీటిలో ఏ ఒక్కదానిని పొరపాటుగా అర్థం చేసుకొన్నా ప్రాణం మీదికి వస్తుంది. ఈ విద్య పెద్దల వెంట తిరిగి, చూసి, చలికి ఓర్చి నేర్చుకొనేది. తీరాన్ని అంటిపెట్టుకొన్న మంచు ముగిసి, తెరపి సముద్రం మొదలయ్యే అంచును వారు 'సినాక్' అంటారు. వసంతం ముదిరే వేళ ఆ అంచు వద్దనే తిమింగలాలు, సీల్ జంతువులు, పక్షులు గుమిగూడతాయి. వేటగాళ్ల గుడారాలు కూడా అక్కడే వెలుస్తాయి.

ఈ ప్రజలు ఇనుయిట్లు. బయటివారు వీరిని చాలాకాలం 'ఎస్కిమోలు' అన్నారు. తెలుగు పాఠ్యపుస్తకాలలోనూ ఆ పేరే నిలిచిపోయింది. అది ఇతరులు పెట్టిన పేరు కావడంవల్ల వారిలో చాలామంది దానిని అంగీకరించరు. వారి భాషలో 'ఇనుయిట్' అంటే 'మనుషులు' అని అర్థం. ఒక్కరైతే 'ఇనుక్'. అలాస్కా, కెనడా, గ్రీన్‌లాండ్, రష్యాలోని చుకోట్కా ప్రాంతాలలో వీరు విస్తరించి ఉన్నారు. కెనడాలోనే 2021 నాటికి వీరి సంఖ్య 70 వేలు దాటింది. అందులో దాదాపు సగం మంది నివసించే ప్రాంతం పేరు నునావుట్. 'మన నేల' అని ఆ మాటకు అర్థం. పాండ్ ఇన్‌లెట్ ఆ నునావుట్‌లోనిదే.

చెట్టు మొలవని నేలలో, పంట పండని చలిలో మనిషి వేల సంవత్సరాలుగా బతుకుతున్నాడంటే దానికి కారణం జంతువులు. సీల్ మాంసం ఆహారం. దాని కొవ్వు దీపానికి నూనె. దాని తోలు పాదరక్ష. కారిబూ అనే ధ్రువపు జింక చర్మం ఒంటికి వెచ్చని దుస్తులవుతుంది. మంచు ఇటికెలను చుట్టు తిరుగుతూ పేర్చి కట్టే ఇగ్లూ గురించి వినని విద్యార్థి ఉండడు. కానీ దానిలోని చమత్కారం గుమ్మంలో ఉంది. లోపల పడుకొనే తిన్నెకంటే లోపలికి వచ్చే దారి పల్లంలో ఉంటుంది. బరువైన చల్లగాలి పల్లంలోనే ఆగిపోతుంది. వెచ్చని గాలి పైన మనుషుల దగ్గర నిలుస్తుంది. వేటకు వెళ్లినప్పుడు కట్టుకొనే బస అది. ఈనాడు ఊళ్లలో అందరూ కొయ్య ఇళ్లలోనే ఉంటారు.

ఇగ్లూలో వెలిగే దీపాన్ని 'కుల్లిక్' అంటారు. బలపపు రాతిని అర్ధచంద్రాకారంలో తొలిచి చేసిన వెడల్పాటి ప్రమిద అది. సీల్ కొవ్వు దానికి నూనె. ఆ నేలలో పెరిగే ఒక తుంగజాతి మొక్క దూదిని, నాచును కలిపి అంచు పొడవునా వత్తిగా పరుస్తారు. వంట దానిమీదే, తడిసిన బట్టలు ఆరేది దానిమీదే, వెలుతురూ వేడీ దానివే. మంట పొగ రాకుండా సమంగా నిలవాలంటే వత్తిని గంటగంటకూ సవరించాలి. ఆ పని ఇంటి ఇల్లాలిది. అర్ధచంద్రాకారపు 'ఉలు' అనే కత్తి, వీపున బిడ్డను మోసే సంచి గల 'అమావుటి' అనే పై అంగీ కూడా ఆమె నైపుణ్యానికి గుర్తులే. కుట్టు ఒక్కచోట వదులైనా వేటకు వెళ్లిన మనిషి వేళ్లు చలికి గడ్డకట్టిపోతాయి. కనుక అక్కడ సూది పట్టిన చేతికీ ఈటె పట్టిన చేతికీ సమానమైన గౌరవం ఉండేది.

జంతువును చంపి తినే ఈ ప్రజలకు జంతువుపై ఉన్న మర్యాద ఆశ్చర్యం కలిగిస్తుంది. పూర్వం సీల్‌ను చంపిన వెంటనే దాని నోట్లో మంచినీళ్లు పోసేవారు. ఉప్పునీటిలో బతికే ఆ ప్రాణికి దప్పిక ఉంటుందని, అది తనంత తానుగా వేటగాడికి అర్పించుకొన్నదని వారి నమ్మకం. సముద్రపు అడుగున నూలియాయుక్ అనే స్త్రీమూర్తి ఉందని, జలచరాలన్నీ ఆమె సొత్తని, మనుషులు కట్టుబాటు తప్పితే ఆమె వాటిని తనవద్దే బంధించి ఉంచుతుందని కథలు చెప్పేవారు. తరువాత క్రైస్తవం వచ్చింది. అయినా అవసరానికి మించి వేటాడరాదని, జంతువును ఎగతాళి చేయరాదని, మాంసం పారవేయరాదని పెద్దలు నేటికీ చెబుతారు.

దొరికిన మాంసం వేటగాడి ఒక్కడి సొత్తు కాదు. ముసలివారికి, వేటకు పోలేనివారికి, బంధువులకు వాటా వెళుతుంది. నార్వాల్ అనే తిమింగలం దొరికిన రోజున దాని చర్మాన్ని కింది కొవ్వుతో సహా కోసి, పచ్చిగానే అందరూ కలిసి తింటారు. 'మక్తాక్' అనే ఆ వంటకం వారికి ప్రాణం. కాయగూరలు దొరకని ఆ నేలలో సి విటమిన్ అందించినది కూడా అదే. దుకాణంలో దొరికే ఆహారం విమానంలో రావలసిందే కనుక దాని ధర దక్షిణ కెనడాలోకంటే చాలా ఎక్కువ. కాబట్టి వేట అనేది అక్కడ వేడుక కోసమో, పాత అలవాటు కోసమో సాగుతున్నది కాదు. వేట తగ్గితే పళ్లెం వెలితి పడుతుంది.

పేర్ల విషయంలోనూ వారిది చక్కని సంప్రదాయం. మరణించిన ఆత్మీయుని పేరు పుట్టిన బిడ్డకు పెడతారు. తాతల పేర్లు మనుమలకు పెట్టుకొనే తెలుగువారికి ఇందులో వింత ఏమీ లేదు. అయితే అక్కడ అది పేరుతో ఆగిపోదు. తన తండ్రి పేరు పెట్టుకొన్న పసివాడిని తల్లి 'నాన్నా' అనే పిలుస్తుంది. ఆ వరస అతనికి జీవితాంతం నిలుస్తుంది. పేరుకు ఆడ, మగ తేడా కూడా లేదు.

ఇంతటి పేర్లను కెనడా అధికారులు పలకలేకపోయారు, రాయలేకపోయారు. వారు 1940ల నుంచి ఒక్కొక్క ఇనుయిట్‌కు ఒక్కొక్క అంకె కేటాయించి, ఆ అంకె చెక్కిన బిళ్లను ఇచ్చారు. దానిని మెడలో వేసుకొని తిరగవలసి వచ్చింది. 1970 ప్రాంతం వరకు ప్రభుత్వ కాగితాలలో మనిషికి గుర్తు ఆ అంకెే. 1953లో క్యుబెక్ ఉత్తర తీరంలోని ఇనుక్జువాక్ నుంచి కొన్ని కుటుంబాలను, వారికి తోడుగా పాండ్ ఇన్‌లెట్ నుంచి మరికొన్ని కుటుంబాలను ప్రభుత్వం ఓడ ఎక్కించి ఇంకా ఉత్తరాన గల గ్రీస్ ఫియర్డ్, రెజొల్యూట్ అనే చోట్ల దించింది. అక్కడ వేట బాగుంటుందని, ఇష్టం లేకపోతే తిరిగి రావచ్చని చెప్పారు. నెలల తరబడి చీకటి ఉండే కొత్త నేలలో వారు అష్టకష్టాలు పడ్డారు. తిరిగి తెస్తామన్న మాట నిలబడలేదు. 2010 ఆగస్టులో కెనడా ప్రభుత్వం ఇందుకు క్షమాపణ చెప్పింది.

1950 తరువాత రెండు మూడు దశాబ్దాలలో, సంచార శిబిరాలలో బతికిన ఇనుయిట్లు స్థిరమైన ఊళ్లకు చేరవలసి వచ్చింది. పిల్లలను దూరపు బడులకు తీసుకొనిపోయారు. ఊళ్లలో కట్టివేయని స్లెడ్జి కుక్కలను పోలీసులు, అధికారులు పెద్దసంఖ్యలో కాల్చిచంపారు. కుక్కలు పోయిన వేటగాడికి కాళ్లు పోయినట్లే. ఈ విషయాలపై బాఫిన్ ప్రాంతపు ఇనుయిట్ సంఘమే ఒక సత్య విచారణ సంఘాన్ని నియమించుకొని, 2007 నుంచి 2010 వరకు వందల మంది పెద్దల మాటలను నమోదు చేయించింది. 2019 ఆగస్టులో కెనడా ప్రభుత్వం ఆ అన్యాయానికీ క్షమాపణ కోరింది. తమ మంచి కోసమే అంటూ బయటివారు తీసుకొన్న నిర్ణయాలను మోసిన తరం ఇప్పటికీ ఆ ఊళ్లలో ఉంది. గనుల విషయంలో వారి మాటల వెనుక ఉన్న జాగ్రత్తకు మూలం ఈ అనుభవమే.

ఈ నేల ఎవరిది? 1970లలో ఇనుయిట్ యువకులు ఈ ప్రశ్నను కెనడా ప్రభుత్వం ముందు ఉంచారు. దస్తావేజు లేని ప్రజలు నేలపై తమ హక్కును రుజువు చేసుకోవడం ఎలా? వారు ఎన్నుకొన్న పద్ధతి చెప్పుకోదగినది. ఊరూరా వేటగాళ్ల ముందు దేశపటాలు పరిచి, జీవితకాలంలో తాము ఎక్కడెక్కడ వేటాడారో, ఏ దారిన ప్రయాణించారో, ఎక్కడ విడిది చేశారో గీయమన్నారు. ఆ గీతలన్నీ కలిసి 1976లో మూడు సంపుటాలుగా వెలువడ్డాయి. ఖాళీ మంచుగా పటంలో కనిపించిన ప్రదేశమంతా మనుషుల అడుగుజాడలతో నిండిపోయింది. సుదీర్ఘమైన చర్చల అనంతరం 1993 మే 25న ఒప్పందం కుదిరింది. 1999 ఏప్రిల్ 1న నునావుట్ ప్రత్యేక ప్రాంతంగా ఏర్పడింది. కెనడా విస్తీర్ణంలో ఐదవ వంతు ఉండే ఈ ప్రాంతంలో 25 ఊళ్లు, 2021 నాటికి 37 వేలకు లోపు జనాభా. వారిలో నూటికి సుమారు 85 మంది ఇనుయిట్లు. ఆ ఒప్పందం మేరకు దాదాపు 3,50,000 చదరపు కిలోమీటర్ల నేలపై ఇనుయిట్లకు యాజమాన్యం దక్కింది. అందులో సుమారు పదోవంతు నేలలో భూగర్భ ఖనిజాలపై హక్కు కూడా ఉంది. దీనికి బదులుగా తక్కిన నేలపై తమ ఆదిమ హక్కును వారు వదులుకొన్నారు. ఏదైనా గనిగాని, రేవుగాని వచ్చే ముందు దాని ప్రభావాన్ని పరిశీలించడానికి నునావుట్ ప్రభావ సమీక్షా మండలి ఏర్పడింది. ఇనుయిట్ సంఘాలు సూచించిన సభ్యులకు అందులో చోటుంది. అయితే మండలి చేసేది సిఫారసు మాత్రమే; తుది నిర్ణయం కెనడా మంత్రిది.

గని అంటే ఏమిటో అప్పటికే ఇనుయిట్లకు తెలుసు. హడ్సన్ అఖాతపు తీరాన రాంకిన్ ఇన్‌లెట్‌లో 1957లో నికెల్ గని మొదలైంది. వేటకు కరువు వచ్చిన ఆ రోజులలో ఎందరో ఇనుయిట్లు అందులో పనికి కుదిరారు. ఐదేళ్లకే, 1962లో, ఖనిజం అయిపోయి గని మూతపడింది. జీతానికి అలవాటుపడిన కుటుంబాలు ఉన్నచోటనే నిలిచిపోయాయి. బాఫిన్ దీవి ఉత్తరాన నానిసివిక్ అనే చోట సీసం, జింకు గని 1976 నుంచి 2002 వరకు నడిచింది. ఉద్యోగాలలో నూటికి అరవై ఇనుయిట్లకు ఇవ్వాలన్న లక్ష్యం ఎన్నడూ నెరవేరలేదు. గని మూశాక అక్కడ కట్టిన ఊరినే కూల్చివేశారు.

ఇక మేరీ రివర్ సంగతి. పాండ్ ఇన్‌లెట్‌కు దక్షిణంగా సుమారు 160 కిలోమీటర్ల దూరంలో ఇనుయిట్లు 'నులూయాత్' అని పిలుచుకొనే కొండ ఉంది. 1962లో విమానంలో వెళుతున్న ఖనిజాన్వేషకులు దాని రంగు చూసి అనుమానించారు. దిగి చూస్తే అది దాదాపు ఇనుపకొండే. శుద్ధి చేయనవసరం లేకుండా, పగులగొట్టి నేరుగా ఓడకు ఎత్తగలిగినంత మేలైన ఖనిజం. ఇనుయిట్లకు ఇనుము కొత్తదేమీ కాదు. బాఫిన్ సముద్రానికి ఆవల, గ్రీన్‌లాండ్ వాయవ్య తీరాన, ఆకాశం నుంచి పడిన ఉల్కల ఇనుమును రాతితో కొట్టి వారి పూర్వులు కత్తులకు, ఈటెలకు మొనలు చేసుకొన్నారు. కొండనే తవ్వి దేశాంతరాలకు పంపడం మాత్రం కొత్త.

దూరం వల్ల, మంచు వల్ల అర్ధశతాబ్దం పాటు ఆ కొండ జోలికి ఎవరూ పోలేదు. ఖనిజం ధర పెరిగాక బాఫిన్‌లాండ్ ఐరన్ మైన్స్ అనే కంపెనీ రంగంలోకి దిగింది. 2014లో తవ్వకం, 2015లో ఓడల రవాణా మొదలయ్యాయి. గని నుంచి ఉత్తరాన ఉన్న మిల్న్ ఇన్‌లెట్ రేవు వరకు సుమారు 100 కిలోమీటర్ల మట్టిరోడ్డుపై పెద్ద లారీలు రాత్రింబగళ్లు తిరుగుతాయి. మొదట ఏడాదికి 42 లక్షల టన్నులు పంపడానికి అనుమతి ఉండేది. 2018లో దానిని 60 లక్షల టన్నులకు పెంచారు.

తెల్లని మంచుపై ఎర్రని ధూళి పడసాగింది. గని చుట్టుపక్కల, రోడ్డు వెంట, రేవు దగ్గర మంచు తుప్పు రంగుకు మారిందని, నక్కల బొచ్చుకూ ఆ రంగు అంటిందని వేటగాళ్లు చెప్పారు. వేటకు వెళ్లినవారు దాహానికి మంచునే కరిగించుకొని తాగుతారు. కనుక ఆ ఎరుపు వారికి కేవలం కంటికి నచ్చని దృశ్యం కాదు. రోడ్డును దాటడానికి కారిబూలు జంకుతాయన్నది మరొక చింత. అన్నిటికంటే పెద్ద చింత నార్వాల్ గురించి. మగ నార్వాల్‌కు పై దవడలోని ఒక పన్ను మెలికలు తిరిగి, మూడు మీటర్ల వరకు కూడా పొడవుగా ఈటెవలె పెరుగుతుంది. మంచు కింద చీకటి నీటిలో అది తిరిగేది చూపుతో కాదు, శబ్దంతో. తాను చేసిన చప్పుడు తిరిగి వచ్చే తీరును బట్టి దారిని, ఆహారాన్ని, ఊపిరి తీసుకొనే పగులును గుర్తిస్తుంది. ఖనిజపు ఓడలు తిరిగే జలసంధి ఆ జీవులు వేసవి గడిపే చోటు. అక్కడ నార్వాల్‌ల సంఖ్య 2016లో సుమారు 12 వేలని గగనతల సర్వేలో అంచనా వేశారు. 2021 నాటికి అది 2,600 దగ్గరకు దిగిపోయింది. మంచు స్థితిగతులు మారడం, ఓర్కా తిమింగలాల భయం, పొరుగు జలాలకు వలస వంటి కారణాలు ఉండవచ్చునని కంపెనీ అన్నది. ఓడలు వచ్చాకనే ఇవి తప్పుకొన్నాయని పాండ్ ఇన్‌లెట్ వేటగాళ్లు అన్నారు. సముద్రాన్ని ఏళ్ల తరబడి రోజూ చూస్తున్నవారి మాటను సర్వే అంకెల పక్కన ఏ విలువతో పరిగణించాలి? వివాదమంతా ఈ ప్రశ్న చుట్టూ తిరిగింది.

ఇనుయిట్లందరూ గనికి వ్యతిరేకులని భావించడం సరికాదు. గని ఉన్న నేల వారి సంఘం యాజమాన్యంలోనిదే. రాయల్టీ రూపంలో సంఘానికి సొమ్ము వస్తుంది. ఉద్యోగాలు అరుదైన ఆ ఊళ్లలో గని జీతంతో ఇల్లు నడుపుకొంటున్నవారు ఉన్నారు. వారాల తరబడి గనిలో పనిచేసి, విమానంలో ఇంటికి వచ్చి, ఆ జీతంతోనే మంచుబండికి పెట్రోలు కొని వేటకు పోయేవారూ ఉన్నారు. వేటకు కూడా డబ్బు కావాలి. ఐరోపాలో సీల్ చర్మాల బేరం పడిపోయాక ఆ డబ్బు వచ్చే పాతదారి మూసుకుపోయింది. అయితే గని కార్మికులలో ఎక్కువమంది దక్షిణ కెనడా నుంచి వచ్చినవారే. ఇంటిపెద్ద నెలలో సగం ఇంట లేకపోతే పిల్లలకు మంచును చదవడం ఎవరు నేర్పాలి అన్న ప్రశ్న కూడా ఉంది.

భాష సమస్య వీటికి తోడైంది. కంపెనీ సమర్పించిన పర్యావరణ నివేదికలు వేల పుటల ఆంగ్ల గ్రంథాలు. ఊరి పెద్దలలో పలువురికి తెలిసింది ఇనుక్టిటుట్ మాత్రమే. వారి సంస్కృతి ప్రధానంగా వినికిడి మీద నిలిచినది. ఇగ్లూలిక్ ఊరికి చెందిన జకారియాస్ కునుక్ అనే చలనచిత్ర దర్శకుడు ఈ లోపాన్ని గుర్తించాడు. పూర్తిగా ఇనుక్టిటుట్ భాషలో తీసిన తొలి కథాచిత్రం 'అతనార్జువాట్'తో 2001లో కాన్ చిత్రోత్సవంలో బహుమతి అందుకొన్నవాడు అతడు. 2012లో గనిపై జరిగిన బహిరంగ విచారణలో అతడు పాల్గొని, ప్రజలకు సమాచారం వారి భాషలో, వారు వినగలిగే రూపంలో అందాలని కోరాడు. ఊరి రేడియోలో చర్చలు నడిపించాడు. పెద్దల మాటలను దృశ్యరూపంలో మండలి ముందుంచాడు. అతడు 2019లో తీసిన మరొక చిత్రం, 1961లో ఒక వేటగాడిని ఊరికి తరలి రమ్మని ప్రభుత్వాధికారి వచ్చి నచ్చజెప్పే ఒక్క రోజు కథ. ఇద్దరి మధ్య దుబాసీ అనువదించే మాటలకూ అసలు మాటలకూ ఉన్న ఎడమే ఆ చిత్రానికి ప్రాణం.

కంపెనీ రెండవ దశ ప్రతిపాదన తెచ్చింది. ఏడాదికి 1 కోటి 20 లక్షల టన్నులు తవ్వాలని, లారీల బదులు 110 కిలోమీటర్ల రైలుమార్గం వేయాలని, ఓడల సంఖ్య పెంచాలని దాని సారాంశం. రైలువల్ల ధూళి తగ్గుతుందని కంపెనీ వాదన. విచారణ సాగుతుండగానే, 2021 ఫిబ్రవరి మొదటి వారంలో కొందరు వేటగాళ్లు మంచుబండ్లపై గని దగ్గరకు చేరుకొన్నారు. విమానాలు దిగే దారికి, రోడ్డుకు అడ్డంగా గుడారాలు వేశారు. నులూయాత్ కొండ పేరుతోనే తమను ఆ నేల కాపరులుగా చెప్పుకొన్నారు. ఫిబ్రవరి చలిలో సుమారు వారం రోజులు అక్కడే ఉన్నారు. గనిలో చిక్కుబడిన వందలాది కార్మికులలో కొందరు తమ పేర్లు వెల్లడించకుండా వేటగాళ్లకు మద్దతుగా లేఖ రాయడం ఆ రోజుల విశేషం. నాయకులు వచ్చి మాట్లాడతామన్న హామీపై వారు వెనుదిరిగారు. గని మార్గాలను అడ్డగించరాదని న్యాయస్థానం ఉత్తర్వు ఇచ్చింది. అయినా వారి మాట వినబడకపోలేదు. మరుసటి నెలలోనే బాఫిన్ ప్రాంతపు ఇనుయిట్ సంఘం, గని నుంచి రాబడి పొందే సంఘమై ఉండీ, రెండవ దశకు తమ మద్దతు లేదని ప్రకటించింది.

2022 మే 13న సమీక్షా మండలి నివేదిక వెలువడింది. సముద్ర జీవులకు, కారిబూలకు, మంచినీటికి, ఇనుయిట్ల సంస్కృతికి, ఆహార భద్రతకు కలిగే హానిని తగిన విధంగా నివారించడం సాధ్యం కాదని, ప్రతిపాదనను ఆమోదించవద్దని మండలి సిఫారసు చేసింది. నవంబరు 16న కెనడా మంత్రి ఆ సిఫారసును అంగీకరించి రెండవ దశను తిరస్కరించాడు. అంతకు కొద్దినెలల ముందే, 60 లక్షల టన్నుల అనుమతి గడువు చిక్కుల్లో పడి, వెయ్యికి పైగా కార్మికులకు తొలగింపు నోటీసులు వెళ్లాయి; ఆ అనుమతిని ప్రభుత్వం అక్టోబరులో పొడిగించింది. ఒకే ఏడాదిలో ఒకే ఊరిలో ఒక ఇంట భయం, పక్క ఇంట ఊరట. కొన్నిచోట్ల రెండూ ఒకే ఇంట.

కథ అక్కడ ముగియలేదు. గనికి దక్షిణంగా స్టీన్స్‌బీ ఇన్‌లెట్ వద్ద రేవు కట్టడానికి, అక్కడికి 149 కిలోమీటర్ల రైలు వేయడానికి, ఏటా 1 కోటి 80 లక్షల టన్నులు తరలించడానికి కంపెనీకి 2012లోనే అనుమతి ఉంది. ఉత్తరపు దారి మూసుకుపోయాక కంపెనీ దృష్టి అటు మళ్లింది. ఆ రేవుకు ఓడలు శీతకాలంలోనూ మంచును చీల్చుకొంటూ రావాలి. అవి వచ్చే ఫాక్స్ సముద్రం వాల్రస్‌ల నిలయం. ఇగ్లూలిక్, సనిరాయాక్ ఊళ్లవారు వేసవిలో వాల్రస్‌ను వేటాడి, మాంసాన్ని తోలులో కట్టి, గులకరాళ్ల కింద పాతిపెట్టి, నెలల తరువాత మాగిన ఆ మాంసాన్ని తీసి పంచుకొంటారు. మంచుమీద స్లెడ్జి పోయే దారి, మంచును చీల్చుకొని ఓడ రావలసిన దారి అక్కడ ఒకే సముద్రం మీద ఉన్నాయి.

అభ్యాసం

అ) కింది ప్రశ్నలకు 20 పంక్తులలో సమాధానాలు రాయండి.

1. ఇనుయిట్ల జీవనవిధానంలో సముద్రపు మంచుకు గల స్థానాన్ని వివరించండి.
2. మేరీ రివర్ గని విస్తరణపై తలెత్తిన వాదప్రతివాదాలను పాఠం ఆధారంగా విశ్లేషించండి.

ఆ) కింది ప్రశ్నలకు 5 పంక్తులలో సమాధానాలు రాయండి.

1. 1976లో వెలువడిన దేశపటాల వల్ల ఇనుయిట్లకు కలిగిన ప్రయోజనం ఏమిటి?
2. బహిరంగ విచారణలో భాష ఎందుకు సమస్య అయింది?
3. "కుక్కలు పోయిన వేటగాడికి కాళ్లు పోయినట్లే" అనే వాక్యానికి సందర్భం రాయండి.